కొత్త వైపర్ బ్లేడ్లు వేశాక కూడా టకటక ఆగలేదు: నా అనుభవం

వైపర్ బ్లేడ్లు మార్చడం ఐదు నిమిషాల పని అంటారు. నిజమే, చేతికి బ్లేడ్లు వచ్చాక నాకూ అంతకంటే పట్టలేదు. తేలనిదల్లా అసలు తప్పు ఎక్కడుందన్నదే. బ్లేడుదా, అద్దానిదా, బ్లేడును పట్టుకుని ఉండే ఇనప చెయ్యిదా? జూన్ మొదట్లో మొదలైన ఈ తంటా జులైకి గానీ తెమల్లేదు. ఈలోపు కొత్త బ్లేడ్లు కొన్నాను, అద్దం తోమాను, వర్క్‌షాపులో కూర్చున్నాను. ఏ దశలో ఏం కనిపించిందో, ఏ పనికి ఎంత ఫలితం దక్కిందో వరుసగా రాస్తున్నాను.

పగటి వానలో పెద్దగా ఏమీ తెలియలేదు. అద్దం మీద రెండు మూడు సన్నని నీటి గీతలు మిగిలేవి, అంతే. వాటి అసలు రంగు రాత్రి బయటపడింది. ఎదురుగా బండి వచ్చేసరికి దాని లైటు ఆ గీతల్లో పడి చెదిరి, అద్దమంతా తెల్లగా పరుచుకుంది. ఒకటి రెండు క్షణాలు రోడ్డు అంచు ఎక్కడుందో కనపడలేదు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. పక్కన కూర్చున్న మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, సీటు బెల్టును గట్టిగా పట్టుకోవడం నాకు కనిపించింది. వైపర్ అనేది ఉందో లేదో పట్టించుకోని వస్తువు నాకు అప్పటిదాకా. ఆ రాత్రి నుంచి బండిలో ఎక్కగానే చూపు దాని మీదికే పోయేది.

గీతలతో పాటు మోత కూడా మొదలైంది. డ్రైవర్ వైపు బ్లేడు పైకి వెళ్ళేటప్పుడు నున్నగా వెళ్ళేది, దిగేటప్పుడు మాత్రం టకటకా ఎగురుకుంటూ దిగేది. ఒక్క దిశలోనే ఎగురుతోందన్న సంగతి అప్పుడు నాకు విశేషంగా అనిపించలేదు. చివరికి దారి చూపించింది మాత్రం అదే.

మా బావకు బండ్ల పని బాగా తెలుసు. ఫోన్లో చెబితే ముందు బ్లేడ్లు కొనకు, అద్దం మీద ఏం మిగులుతోందో చూసి చెప్పమన్నాడు. ఎప్పుడూ ఒకే చోట సన్నని గీత పడుతోందంటే ఆ చోట రబ్బరు తెగి ఉంటుంది, లేదా అంచుకు ఇసుకో చెత్తో అంటుకుని ఉంటుంది. నీళ్ళు పోయి పల్చటి మసక మిగిలి, అది ఒకటి రెండు క్షణాల్లో ఆరుతోందంటే అద్దం మీద జిడ్డు ఉంది, లేదా రబ్బరు అంచు అరిగి గుండ్రబడింది. మధ్యలో ఒక పట్టీ మేర అసలు తుడవకుండా వదిలేస్తోందంటే అక్కడ ఒత్తిడి అందడం లేదు. అంటే బ్లేడు చట్రం వంగడమో, చెయ్యి స్ప్రింగు సడలడమో జరిగి ఉంటుంది. రెండు దిశల్లోనూ ఎగురుతుంటే అద్దాన్నో, గట్టిపడ్డ రబ్బరునో అనుమానించాలి. ఒక్క దిశలోనే అయితే చెయ్యి వంపును చూడాలి. ఇంత చక్కగా చెప్పి, "చూస్తావులే, నీకు వీటిలో మూడు ఉంటాయి" అని నవ్వాడు. మూడూ ఉన్నాయి.

ఆ ఆదివారం బండిని నీడలో ఆపి వైపర్ చేతులు పైకి లేపాను. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, లేపిన చెయ్యి కింద అద్దం మీద మందపాటి తువ్వాలు మడిచి పరచండి. బ్లేడు తీసేసినప్పుడు ఉత్త ఇనప చెయ్యి స్ప్రింగు జోరుకు వెనక్కి కొట్టుకుంటే ముందద్దం పగిలిపోతుంది. వైపర్ పనిలో అన్నిటికన్నా ఖరీదైన ప్రమాదం అదే. రెండోది, చేతులు లేచి ఉండగా బానెట్ ఎత్తకండి, పెయింటు గీసుకుపోతుంది. కొత్త బండ్లు కొన్నిటిలో చేతులు బానెట్ అంచు కిందికి దాగి ఉంటాయి, మామూలుగా లేపితే లేవవు. వాటికి సర్వీస్ పొజిషన్ అని ఒకటి ఉంటుంది. చాలా బండ్లలో ఇగ్నిషన్ ఆపిన వెంటనే వైపర్ మీటను ఒకసారి నొక్కితే చేతులు అద్దం మధ్యకు వచ్చి నిలబడతాయి. ఎలా నొక్కాలన్నది బండి బండికీ మారుతుంది గనుక యజమాని పుస్తకంలో ఆ పేజీ చూసుకోవడం మేలు. బలవంతంగా లాగితే విరిగేది మీ బండే.

తడి గుడ్డను రబ్బరు అంచు మీద పట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు లాగాను. గుడ్డ మీద కాటుక లాంటి నల్లటి చార పడింది. మళ్ళీ లాగితే కాస్త తగ్గింది, ఇంకోసారి లాగితే బూడిద రంగుకు వచ్చింది. ఆ తర్వాత రబ్బరును వేళ్ళ మధ్య పట్టుకుని, పెదవిలా ఉండే సన్నని అంచును ఇటూ అటూ వంచి చూశాను. మంచి రబ్బరు ఏ వైపుకైనా సులువుగా వాలి, వదిలితే నిటారుగా నిలబడాలి. నాది ఒక వైపుకే వాలి అక్కడే ఉండిపోయింది. చాలాకాలం ఎండలో ఒకే చోట ఆగి ఉన్న బండ్లలో ఇలా అవుతుందట. ఎండకూ, గాలిలోని ఓజోన్‌కూ రబ్బరు గట్టిపడి, ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే ఉండిపోతుంది. డ్రైవర్ వైపు బ్లేడు మధ్యకు దగ్గర్లో గోరు గుచ్చితే దిగేంత చిన్న గాటు కూడా దొరికింది. నా కంటికి ఎదురుగా పడే గీత సరిగ్గా అక్కడిదే.

తుడవడానికి నీళ్ళలో కాస్త షాంపూ కలిపితే చాలు. జిడ్డు ఎక్కువగా ఉంటే పాత రబ్బరు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు. పెట్రోలు, కిరోసిన్ మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఇంకో మాట. కొత్త బ్లేడ్లకు చాలావాటికి రబ్బరు మీద గ్రాఫైట్ పూత ఉంటుంది, వేలికి నల్లగా అంటుతుంది. అది మురికి అనుకుని ఆల్కహాల్ పెట్టి రుద్దితే నున్నగా జారడానికి వేసిన పూతే పోతుంది. కొత్తవాటికి ఉత్త తడి గుడ్డే సరి.

తుడిచాక కొన్నాళ్ళు బాగానే అనిపించింది. గీతలు తగ్గాయి. గాటు దగ్గరి గీత మాత్రం అలాగే ఉంది, ఎగరడమూ ఆగలేదు. గట్టిపడ్డ రబ్బరును ఏ నూనె రాసినా మెత్తబరచలేం. రాయమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు గానీ, ఆ నూనె అద్దానికి అంటితే మసక రెట్టింపవుతుంది. కాబట్టి బ్లేడ్లు మార్చక తప్పదు.

కొనేముందు కొలత. చాలా బండ్లలో రెండు బ్లేడ్లూ ఒకే పొడవు ఉండవు, డ్రైవర్ వైపుది సాధారణంగా పొడుగు. నా బండికి 24 అంగుళాలదీ 16 అంగుళాలదీ కావాలి, అంటే దాదాపు 600, 400 మిల్లీమీటర్లు. టేపుతో కొలిస్తే కొన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చినా కంగారు పడక్కర్లేదు. కానీ "ఇంకాస్త పొడుగుది వేస్తే ఇంకాస్త తుడుస్తుంది" అన్న ఆశకు మాత్రం పోవద్దు. పొడుగు బ్లేడు పక్క బ్లేడును తన్నుతుంది, లేదా అద్దం అంచు పట్టీకి కొట్టుకుంటుంది. పొడవు కంటే జనం ఎక్కువగా తడబడేది బిగింపు దగ్గర. చెయ్యి చివర కొక్కెంలా వంగి ఉంటుందా, పక్కనుంచి పిన్ను దూరుతుందా, నొక్కే బటన్ ఉందా అన్నది చూసి, ఫోటో తీసి పెట్టుకోండి. కొక్కేల్లోనూ చిన్నవీ పెద్దవీ ఉంటాయి. నాది మామూలు కొక్కెం, దొరకడానికి అన్నిటికంటే సులువైనది.

చట్రం ఉన్నవా, చట్రం లేని చదును బ్లేడ్లా అన్నది ఇంకో బేరం. చట్రం ఉన్నదానిలో రబ్బరును నాలుగైదు చోట్ల లోహపు గోళ్ళు పట్టుకుని నొక్కుతాయి. ఆ కీళ్ళలో మట్టి, మంచు చేరితే ఒత్తిడి సమంగా పడదు. చదును బ్లేడులో లోపల ఉన్న వంపు పట్టీయే రబ్బరు మొత్తాన్నీ అద్దానికి అదుముతుంది. చూడ్డానికి బాగుంటుంది, వేగంలో గాలికి లేవదు. కానీ మీ అద్దం వంపుకూ దాని వంపుకూ పొత్తు కుదరకపోతే చివర్లు అంటవు. నేను చదునువే ఎంచుకున్నాను. చట్రం వాటికంటే రెట్టింపు దాకా అయింది. షాపులో నా కొలతలో ఒక్కటే ఉంది, రెండోది తెప్పించాలన్నారు. ఆ ఎదురుచూపు వారం దాటింది. ఆ వారమంతా వాన, నేను రాత్రి బండి తీయలేదు.

అది వచ్చిన సాయంత్రమే రెండూ బిగించాను. పాత బ్లేడు మధ్యలో ఉన్న చిన్న నాలుకను వేలితో నొక్కి, బ్లేడును చెయ్యి వెంబడే కిందికి తోస్తే కొక్కెం లోంచి జారి వచ్చేసింది. పైకి లాగితే రాదు, ముందు కిందికి తొయ్యాలి. ఈ ఒక్కటి తెలియక జనం ప్లయర్లు పట్టుకొస్తారు. కొత్త పెట్టెలో బ్లేడుతో పాటు చిన్న సంచిలో నాలుగైదు రకాల ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయి, రకరకాల చేతులకు. నాకు కావాల్సింది ముందే బ్లేడుకు తగిలించి ఉంది, మిగతావి ఎందుకూ పనికిరావు. కొక్కేన్ని అందులోకి పంపి పైకి లాగితే టక్‌మని శబ్దం రావాలి. రాకపోతే పడనట్టే. వచ్చాక కూడా ఒకసారి గట్టిగా లాగి చూడండి. సరిగా పడని బ్లేడు వానలో ఊడి ఎగిరిపోతే, మిగిలిన చెయ్యి అద్దాన్ని గీకేస్తుంది. ఇంకోటి, రబ్బరు అంచు మీద రంగు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, రవాణాలో దెబ్బ తగలకుండా. దాన్ని తీసేయాలి. నవ్వకండి, అది తీయకుండా వారాల తరబడి తిరిగి, బ్లేడు నాసిరకమని వెనక్కి తెచ్చేవాళ్ళు చాలామందేనని షాపతను చెప్పాడు.

నీళ్ళు చల్లి మీట తిప్పాను. గాటు గీత పోయింది. అక్కడిదాకా ఆనందమే. మసక మాత్రం పల్చగా ఉండనే ఉంది, పైగా డ్రైవర్ వైపు బ్లేడు దిగేటప్పుడు మళ్ళీ టకటక. కొత్త బ్లేడు! ఒళ్ళు మండింది. షాపుకు ఫోన్ చేస్తే, "సార్, ఇంకో కంపెనీవి సిలికాన్‌వి ఉన్నాయి, అవి వేయండి, కొంచెం రేటెక్కువ" అన్నాడు. ఆ బేరానికి అక్కడే బ్రేకు వేశాను. ప్రయాణికుడి వైపు బ్లేడూ అదే కంపెనీది, అదే రబ్బరు, అది చప్పుడు లేకుండా తుడుస్తోంది కదా. మరి రబ్బరు తప్పెలా అవుతుంది?

అద్దం పని మర్నాడు పెట్టుకున్నాను. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, కడిగిన అద్దం మీద వేళ్ళు జరిపితే సన్నటి గరుకు తెలుస్తుంది. ఉత్త చేతికి తెలియదు. అది రోడ్డు మీది డీజిల్ పొగ, తారు, చెట్ల జిగురు, కార్ వాష్‌లో వాడిన మైనం, అన్నీ కలిసి కట్టిన పొర. ముందు షాంపూ, తర్వాత ఆల్కహాల్, అయినా పోని చోట డీటెయిలింగ్ బంకమట్టిని (బండి మీది మొండి మురికిని లాగేసే క్లే బార్) తడి అద్దం మీద మెల్లగా రుద్దాను. పనంతా అయ్యేసరికి ఒక పూట పోయింది, భుజం పట్టేసింది. అద్దం శుభ్రపడిందో లేదో నీళ్ళే చెబుతాయి. జిడ్డున్న చోట నీళ్ళు ముక్కలుగా విడిపోతాయి, శుభ్రంగా ఉన్నచోట ఒకే పొరలా పరుచుకుంటాయి. నీళ్ళు జారిపోయే పూత ఏదైనా వేయించుకున్నవాళ్ళకు ఈ పరీక్ష కుదరదు. అలాంటి పూత కొన్ని బ్లేడ్లతో పడక అదే ఎగరడానికి కారణమవుతుంది కూడా.

మసక మొత్తం పోయింది. నిజం చెప్పాలంటే ఈ వ్యవహారం మొత్తంలో చూపుకు ఎక్కువ మేలు చేసింది ఈ తోమడమే, దీనికి ఖర్చు దాదాపు లేదు. డ్రైవర్ వైపు టకటక మాత్రం మొండిగా అలాగే ఉంది.

ఇక మిగిలింది చెయ్యి. మీటను అతి నెమ్మది మీద పెట్టి, వంగి, రబ్బరునే చూస్తూ కూర్చున్నాను. బ్లేడు పైకి వెళ్ళేటప్పుడు అంచు కిందికి వాలి, చెయ్యి వెనకే ఈడ్చుకుంటూ వెళ్తుంది. పైన ఆగి తిరిగే క్షణంలో ఆ అంచు అటు పక్కకు తిరగబడాలి. ప్రయాణికుడి వైపు తిరగబడుతోంది. డ్రైవర్ వైపు తిరగబడకుండా నిలబడి, అద్దాన్ని తోసుకుంటూ దిగుతోంది. తోసినప్పుడు రబ్బరు ఒకచోట పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంటుంది. అదే టకటక. చెయ్యి చివర అద్దానికి నిటారుగా లేకుండా ఏ కొంచెం మెలితిరిగినా ఇదే జరుగుతుంది. కార్ వాష్ బ్రష్షులకు తగిలో, ఎవరో బ్లేడు పట్టుకుని లాగో, ఎప్పుడు మెలిపడిందో నాకు తెలియదు.

సొంతంగా మెలితిప్పే ధైర్యం రాలేదు, వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. వానాకాలం, అన్నీ పెద్ద పనుల బండ్లే. పొద్దున వెళితే మధ్యాహ్నం దాటాక నా వంతు వచ్చింది. మేస్త్రీ బ్లేడు తీసి, చెయ్యిని తువ్వాలు మీద ఆనించి, చివర అద్దంతో ఏ కోణంలో ఉందో పక్కనుంచి కంటితోనే చూశాడు. "బ్లేడు కాదు సార్, చెయ్యి తిరిగింది" అన్నాడు. గుడ్డ చుట్టిన రెండు స్పానర్లు తీసుకున్నాడు. ఒకదాంతో చెయ్యిని కదలకుండా పట్టుకుని, రెండోదాంతో చివరను వెంట్రుకవాసి తిప్పాడు. బ్లేడు పెట్టి చూశాడు, తీశాడు, ఇంకొంచెం తిప్పాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. తిప్పే పని మొత్తం అద్దం మీద కాకుండా, చెయ్యిని పైకి లేపి గాల్లోనే చేశాడు. చేసుకోవాలనుకునేవాళ్ళు గమనించాల్సింది అదే. చెయ్యి మరీ పాడైతే మొదట్లో ఉన్న నట్టు విప్పి కొత్తది వేస్తారు. విప్పేముందు బ్లేడు ఆగే చోట అద్దం మీద టేపు అంటించమన్నాడు. చెయ్యిని బిగించే పళ్ళ ఇరుసు మీద ఒక పన్ను అటూ ఇటూ అయినా వైపర్ ఆగే చోటు మారిపోతుంది.

ఎంతివ్వాలంటే, ఒక్క బ్లేడులో పదో వంతు కూడా లేని మొత్తం చెప్పాడు. ఆ రాత్రే వాన పడింది, కావాలని బండి తీశాను. చప్పుడు లేదు. ఇంత చిన్న విషయానికి అంత సంతోషమా అని మా ఆవిడ వెటకారం చేసింది, ఫర్వాలేదు.

మేస్త్రీ దగ్గర ఉండగానే, అద్దం మీదికి నీళ్ళు చిమ్మే వాషర్ సంగతీ తేలింది. ఎడమ జెట్ సన్నగా పక్కకు చిమ్మేది. సున్నం ఎక్కువుండే నీళ్ళు పోస్తూ ఉంటే అది పేరుకుని రంధ్రం మూసుకుపోతుందట. సన్నని సూదితో పొడిచి, జెట్ తల కాస్త తిప్పి, నీళ్ళు అద్దం మధ్యకు పడేలా చేశాడు. గిన్నెలు తోమే సబ్బు పోయొద్దన్నాడు. నురగ వస్తుంది, ఆరాక అద్దం మీద మళ్ళీ పొర కడుతుంది. డబ్బా ఖాళీ అయ్యాక మీట నొక్కుతూ కూర్చోవద్దని కూడా చెప్పాడు, నీళ్ళు లేకుండా తిరిగితే పంపు కాలిపోతుంది.

పెట్రోలు పోయించినప్పుడల్లా ఇప్పుడు తడి గుడ్డతో రబ్బరు అంచు ఒకసారి లాగేస్తున్నాను. దుమ్ము పడ్డ పొడి అద్దం మీద వైపర్ తిప్పను, ముందు నీళ్ళు చిమ్ముతాను. దుమ్ములోని ఇసుక రబ్బరునూ కోస్తుంది, అద్దాన్నీ గీస్తుంది. ఎండలో ఆపినప్పుడు చేతులు లేపి ఉంచాలా వద్దా అన్నదానిపై ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఇద్దరు ముగ్గురూ వేరువేరుగా చెప్పారు. లేపితే రబ్బరు వేడి అద్దానికి అతుక్కోదు, కానీ స్ప్రింగు అంతసేపూ సాగి ఉంటుంది, ఎవరి చెయ్యో తగిలితే అద్దం మీద పడుతుంది. నేను లేపడం లేదు, నీడ వెతుక్కుంటున్నాను. మంచు కురిసే చోట్ల ఉండేవాళ్ళు గడ్డకట్టిన బ్లేడును మీట వేసి లాగకండి, రబ్బరు చిరుగుతుంది, మోటారు మీదా భారం పడుతుంది.

తయారీదారులు ఆరు నెలల నుంచి ఏడాదికి మార్చమంటారు. నేను తేదీ చూసి కాకుండా రబ్బరు అంచును వంచి చూసి నిర్ణయించుకుంటాను. ఖర్చు విషయానికొస్తే, పాత చట్రాల్ని పారేయలేదు. వాటికి రబ్బరు రీఫిల్ విడిగా దొరుకుతుంది, కొత్త బ్లేడులో నాలుగో వంతు కూడా కాదు. పాత రబ్బరును చివర ఉన్న గాడి దగ్గర లోహపు గోరు దాటించి లాగితే మొత్తం జారి వచ్చేస్తుంది. దానిలోని రెండు సన్నని ఉక్కు పట్టీలు ఏ వంపుతో ఉన్నాయో చూసుకుని కొత్తదానిలో అలాగే పెట్టాలి. మిగిలిన పొడవు కత్తెరతో కత్తిరించాలి, లోహపు గోళ్ళు చివరి గాడిలో పడ్డాయో లేదో చూడాలి. ఈ పని చెప్పినంత సులువు కాదు, వేళ్ళకు ఓపిక కావాలి. అయినా ఇప్పుడు డిక్కీలో ఒక జత సిద్ధంగా ఉంది. వెనకద్దం వైపర్‌ది మాత్రం వేరే బిగింపు, అది ఏ షాపులోనూ దొరకలేదు, కంపెనీదే తెప్పించాలన్నారు. ఆర్డరు పెట్టి వచ్చాను.